తువ్వాల కింది ధర

విద్యార్థుల కోసం రాసే సాహస కథల్లో ఆడపిల్లలు వరద నుంచో చిరుత నుంచో ఎవరినైనా కాపాడుతుంటారు. బీదర్‌లో మా అక్కకు అంత అదృష్టం పట్టలేదు. ఆమెకు ఎదురైంది ఒక తువ్వాల.

నాన్న కాలు విరిగి మంచం పట్టాక మా కందుల దుకాణం ఎవరు చూడాలన్న ప్రశ్న వచ్చింది. నేను డిగ్రీ చదివాను కనుక పనికిరానని ఇంట్లో ముందే తేలిపోయింది. అక్క తాను చూస్తానంది.

"ఆడివిల్ల గంజ్‌ల బేరం జేస్తదా? సరే, రేపు వొయ్యి ఒక్క కుప్ప కొనుక్కరా. కొంటె దుకాణం నీది. లేకుంటె కిరాయికిస్త," అన్నాడు పెద్దనాన్న.

ఆయన ఉదారత్వానికి ఒక కారణముంది. మా ధాన్యం బజారైన గంజ్‌లో ఇప్పటికీ కొందరు ధర నోటితో చెప్పరు. బేరం కుదిర్చే దలాల్ చేతిమీద తువ్వాల కప్పుకుంటాడు. కొనేవాడు దాని కింద అతని వేళ్లు నొక్కి ధర చెబుతాడు. పండించిన రైతుకు కూడా తెలియనంత మర్యాదైన పద్ధతి. పరాయి మగవాడి చెయ్యి పట్టుకునే ఆడపిల్ల ఎక్కడుంటుంది?

మర్నాడు చిమ్కోడ్ ఊరి రైతు కందుల కుప్ప దగ్గర వ్యాపారులంతా వేళ్లు నొక్కేశారు. అక్క వంతు వచ్చింది. దలాల్ తువ్వాలనీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

"మీ తమ్మున్ని తోలియ్యరాదమ్మా?"

"ఆనికి కందులేవో పెసలేవో ఎర్కనా మామా?"

నేను పక్కనే ఉన్నాను. కాదనడానికి ఆధారం దొరకలేదు.

అక్క చేతులు వెనక్కి కట్టుకుని తన ధర గంజ్ అంతా వినేలా చెప్పేసింది.  

"అట్ల మొత్తుకుంటరా బిడ్డా? ఇజ్జత్ మానం లేదా?" అన్నాడు దలాల్.

"చెయ్యి వట్టుకుంటె ఇజ్జత్ వోతదంటిరి. నోరు తెరిస్తె గూడ వోతదా?"

అప్పుడు రైతు దలాల్‌ని అడిగాడు: "తువ్వాల కింద ఇంతకన్న ఎక్కువెవలన్న జెప్పిన్రా?"

దలాల్ తువ్వాల అంచును శ్రద్ధగా పరిశీలించసాగాడు.

"అయితె బస్తాలు ఆ అక్క దుకాణానికే తోలున్రి," అన్నాడు రైతు. పక్క కుప్ప రైతు కూడా కేకేశాడు: "ఓ అక్కా, జర నా కందులు గూడ సూడు!"

వ్యాపారులు ఇది సంస్కారం కాదన్నారు. అంతకంటే ఎక్కువ ధర మాత్రం ఎవరూ అనలేదు.

సాయంత్రం దుకాణం కిరాయికి అడగవచ్చినాయనకు పెద్దనాన్న చాయ్ తాగించి పంపేశాడు. "మా బిడ్డనే సూస్కుంటది. నేనే కూసుండవెట్టిన," అన్నాడు. లోపల అక్క బస్తాలు దింపిస్తోంది. ఆ మాట వినేంత తీరిక ఆమెకు లేదు.