పేరమ్మ హోటలు గోడ మీద కొండ

తడ దగ్గర రోడ్డు పక్కన పేరమ్మ హోటలంటే ఒక తెల్లటి గోడ, రెండు బల్లలు, పైన తాటాకులు. మొగుడు పోయినాక చేపల పులుసు వండే దాకే ఆమెకు దిక్కు. ఆ పులుసు తినని నోరూ ఒక నోరేనా అని నా గట్టి అభిప్రాయం.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఆమె మరిది ఓబయ్య, పడవలకు రంగులేసేవాడు, మద్రాసు నుంచి ఒక ఖాళీ బిస్కెట్ల డబ్బా తెచ్చుకున్నాడు. మూత మీద ఏదో దేశపు అగ్నిపర్వతం, దాని కింద అల లేని సముద్రం. వదిన హోటలుకు కళ రావాలని, మిగిలిన పడవ రంగులన్నీ ఊడ్చి ఆ బొమ్మను గోడంతా దించేశాడు. నీళ్ళు ఎంత నిమ్మళంగా ఉన్నాయో, కొండ కొసన మంట అంత ఎర్రగా ఉంది. నిజం చెప్పొద్దూ, బాగా గీశాడు. అదే కొంప ముంచింది.

పొద్దున్నే పులుసుకొచ్చిన ముసలి చెంచులక్ష్మి గోడ చూసి లెంపలేసుకుంది.

"తిరువణ్ణామలై శివుడి కొండ! కొసన కార్తీక దీపం ఎలిగించినారు తల్లీ!"

"ఆడ ఇన్ని నీళ్ళు యాడివి అవ్వా?" అన్నాడు ఓబయ్య.

"కార్తీకంలో వానలు పడవా ఏంది?"

సాయంత్రానికల్లా గోడకు పసుపు, కుంకుమ, ముందర కర్పూరం. లారీ డ్రైవర్లు సైతం చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని, శివుడి ఎదుట చేపలా అంటూ ఆకలితోనే వెళ్ళిపోయేవారు. అది నిప్పులు కక్కి ఊళ్ళు తగలబెట్టే కొండరా నాయనా అని ఓబయ్య మొత్తుకుంటే భక్తి ఇంకాస్త పెరిగింది. పులుసంతా మిగిలిపోయేది. నాకూ తినే ధైర్యం చాలక, ఏడుపొచ్చేది.

చివరికి పేరమ్మ సున్నం బకెట్టు తెచ్చి గోడ ముందు పెట్టింది. ఓబయ్య మొహం చూసి ఆగింది.

"గీసింది నువ్వే గదా. దాని ముందర కూర్చోని నువ్వే తిను. జనానికి బెరుకు పోతాది. పోలేదా, రేపు సున్నం కొట్టేస్తా. నేను బతకాల గదా అబ్బయా."

మర్నాడు ఊరంతా గుమిగూడింది. ఓబయ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, తలెత్తి మంట వైపు చూశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ముద్దను ఆకులో పెట్టేసి, ఆకును రెండు చేతులా ఎత్తుకుని దొడ్లోకి నడిచాడు. అక్కడ గోడ చాటున చేరి లొట్టలేసుకుంటూ తిన్నాడు.

వెనకైతే తప్పు లేదన్నమాట! జనం దొడ్డిదారి పట్టారు, అందరికంటే ముందు చెంచులక్ష్మి, ఆమెను తోసుకుంటూ నేను. మధ్యాహ్నానికి దాక ఖాళీ. పేరమ్మకు సంతోషం ఆగలేదు, నవ్వూ ఆగలేదు.

"ఏందయ్యా, అది డబ్బా చూసి నువ్వు గీసిన బొమ్మ గదా!"

ఓబయ్య తల వంచుకుని చెయ్యి కడుక్కున్నాడు.

"గీసేటప్పుడు నాకు తెలవలేదు వదినా."