మామ ముందు కుర్చీ

నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఒక చదువేనని, దానికి టీ, బన్ను ఇచ్చి మరీ నేర్పిస్తారని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. కోయంబత్తూరులో మేమున్న మిల్లు లైన్లలో నా నోటికి అంత పేరు. నూలు చుట్టే వైండింగ్ సెక్షన్‌లో పని నాది. ఆ మిషన్ల హోరులో పక్క మనిషికి వినపడాలంటే అరవాలి, లేకపోతే పెదాలు చూసి గ్రహించుకోవాలి. నేను అరిచే రకం. తాగుడు మానలేనివాళ్ళకీ, మనసు చెదిరినవాళ్ళకీ తోడుగా కూర్చుని మాట్లాడే మనుషులు కావాలి, పనివాళ్ళలోనే కొందరికి శిక్షణ ఇస్తాం అని మిల్లులో చెప్పగానే అందరికన్నా ముందు నేనే చెయ్యెత్తాను. మాట్లాడే పని అన్నారు కదా, ఇక నన్ను కొట్టేవాళ్ళెవరు అనుకున్నాను.

ఇంట్లో కారణమూ లేకపోలేదు. మా మామ, అంటే మా ఆయన తండ్రి, దూది ఏకే కార్డింగ్‌లో ఫిట్టరు. పొద్దున షిఫ్టుకి కూడా తాగే వెళ్ళేవాడు. గేటు దగ్గర పట్టుకున్నారు. ఈ మాట్లాడే మనుషుల దగ్గరికి వచ్చి కూర్చుంటే సరే, లేకపోతే ఉద్యోగం లేదన్నారు. ఆ ఉద్యోగం పోతే మిల్లు ఇచ్చిన లైను ఇల్లూ పోయినట్టే. మా అత్త అప్పటికే ఆయన్ని కారమడై తీసుకెళ్ళి రంగనాథస్వామి ముందు ఒట్టు పెట్టించింది. ఆ ఒట్టు తిరుగు బస్సు దిగేదాకా నిలిచింది.

ఆయనతో నేను మాట్లాడి మార్చేస్తాననుకునే వీలు కూడా లేదు. మా ఇళ్ళలో కోడలు మామ ముందు కూర్చోదు, ఎదురుగా నిలబడి మాట్లాడదు. నా బిడ్డ బడికి వెళ్ళే వయసొచ్చినా మామకీ నాకూ మధ్య ఒక్క మాట నడవలేదు. ఆయనకేమైనా కావాలంటే వాకిట్లో కట్టేసిన మేకతో చెప్పేవాడు. "ఏ మేకా, కుడిక్క తన్ని ఉండాదేమో అడుగు" అంటే నేను చెంబుతో తాగే నీళ్ళు తెచ్చి గడప మీద పెట్టేదాన్ని. మేక మా ఇద్దరినీ చూసి నమిలేది.

శిక్షణ మిల్లులోని పిల్లల గదిలో. షిఫ్టుకొచ్చిన తల్లులు బిడ్డల్ని పడుకోబెట్టే గది అది, పైనుంచి ఊయలలు వేలాడుతూ ఉండేవి. నేర్పడానికి మద్రాసు నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, మెత్తటి అరవం, బల్ల మీద చిన్న ఇత్తడి గంట. మొదటి పాఠం వినడం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు కష్టం చెప్పుకోవాలి, రెండోవాళ్ళు సలహా ఇవ్వకుండా వినాలి. సలహా ఇస్తే గంట.

నాకు జోడీ రీలింగ్ సెక్షన్ ఆవిడ, నాకు వదిన వరస. "తల నొస్తా ఉండాది" అంది. "శొంఠి అరగదీసి పట్టెయ్యి" అన్నాను. గంట. "నిద్ర రాలేదు" అంది. "పగలు పడుకుంటే రాత్రి ఎట్లా వస్తాది?" గంట. "మీ అన్న నా మాట వినడు" అంది. మా అన్న సంగతి నాకు తెలియదా? వాడి గురించి నేను మొదలుపెడితే టీచరమ్మ గంట మోగించీ మోగించీ చివరికి చేత్తో నా భుజం పట్టుకుంది. వదిన నవ్వింది, ఆ తర్వాత నేను, ఆ తర్వాత గదంతా. మిల్లు గొంతులు కదా, మా నవ్వుకి ఏమైందోనని వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

నవ్వు రోగం ఒకసారి పట్టుకుంటే వదలదు. తాగినవాడి వేషం వెయ్యాల్సి వస్తే వదిన చీర పైకి దోపుకుని, ఊయల తాడు పట్టుకుని తూలింది. ఆమెను సముదాయించాల్సిన నేను పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాను. టీచరమ్మకు కోపం వచ్చిందనుకున్నాం. ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది. ఆ తర్వాత మాత్రం నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, నువ్వు మంచిదానివి. కానీ ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వవు. ఇలాగైతే నిన్ను ఈ పనికి తీసుకోలేను" అంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

చివరి వారం నిజమైన మనుషుల్ని కూర్చోబెట్టాలి. చుట్టాలకు చుట్టాలు వద్దని ఆవిడ నియమం. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పమంది. ఒకడు నాకు చిన్నాయన, అదే మనిషి వదినకు మేనమామ, మాతో శిక్షణకొచ్చిన బ్లోరూమ్ సెక్షన్ అన్నకు తోడల్లుడు. మా లైన్లలో వందేళ్ళుగా ఒకరి పిల్లను ఒకరు చేసుకుంటున్నాం, పరాయివాణ్ణి ఎక్కణ్ణించి తెచ్చేది? భోజనం వేళకి ఆవిడ తల పట్టుకుని, "సరే, ఒకే ఇంటివాళ్ళు కాకపోతే చాలు" అంది.

మామను బ్లోరూమ్ అన్నకు అప్పజెప్పారు. నేను తలుపు అవతల గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. లోపల్నించి ఒక్క మాటా లేదు. చివరికి అన్న బయటికొచ్చి, "నోరు తెరవలేదు" అన్నాడు. ఆ సాయంత్రమే టీచరమ్మ మిల్లువాళ్ళకు చెప్పాలి, ఈయన మొదలుపెట్టాడా లేదా అని. ఆవిడ లోపలికెళ్ళి, ఎవరితోనైతే మాట్లాడతారు అని మామను అడిగింది. మామ ఊయల వైపు తిరిగి, ఊయలతోనే చెప్పాడు.

"మా ఇంటి పిల్ల ఉండాది కదా. అది వస్తే చెప్తాను."

నియమం గాలికిపోయింది. నన్ను లోపలికి తోశారు. టీచరమ్మ ఒక మూల కూర్చుని కుర్చీ చూపించింది. మామ ముందు కుర్చీలో నేనా? నేల మీద కూర్చోబోతే ఆవిడ తల అడ్డంగా ఊపింది. కుర్చీని గోడ వైపు తిప్పుకుని అంచున కూర్చున్నాను. మామ కూడా తన కుర్చీని లేపి అదే గోడ వైపు తిప్పుకున్నాడు. ఇద్దరం ఉడుమలైపేట బస్సులో ముందు సీటు దొరికినవాళ్ళలా గోడను చూస్తూ కూర్చున్నాం. నవ్వు గొంతుదాకా వచ్చింది. బయటికి మాత్రం రాలేదు. నేర్పిన పాఠాలన్నీ మరిచిపోయాను, నోరు పెగల్లేదు. మామ ముందు మాట్లాడకపోవడం అనే చదువు నాకు ఎప్పుడో వచ్చేసింది మరి.

చివరికి మామ గోడతో అన్నాడు, "చెయ్యి వణకతా ఉండాది."

నేను గోడ మీది సున్నం పెచ్చునే చూస్తున్నాను.

"పొద్దున స్పానర్ పట్టుకుంటే జారిపోతా ఉండాది. రెండు గుక్కలు పోస్తేనే చెయ్యి నిలస్తాది. నడుస్తా ఉండే కార్డు మిషన్లో చెయ్యి పోతాదని బయం. బయం అని ఎవరితో చెప్పేది? చెప్తే మానెయ్యి అంటారు. అంతే అంటారు."

ఇంకెవరైనా అయితే నేను కూడా ఆ మాటే అనేదాన్ని. అది నాలుక చివర ఉంది కూడా. ఆయన ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఈ పిల్ల వంటింట్లో నవ్వతా ఉంటాది. నేను గడప తొక్కితే నిలిపేస్తాది. రోజూ ఆ నవ్వును నేనే నిలిపేస్తా ఉండాను అనుకుంటాను."

నాకు గోడ కనపడడం మానేసింది, కళ్ళ నిండా నీళ్ళు. అప్పుడు మామ తల తిప్పి, గోడనూ ఊయలనూ వదిలేసి, నన్నే చూశాడు.

"అమ్మా, నా వల్ల అవుతాదా?"

అవుతుంది మామా అని చెప్పాలని ప్రాణం లాగింది. అబద్ధపు భరోసా ఇవ్వొద్దని ఎన్నిసార్లు గంట కొట్టి చెప్పారో. అయినా అందుకు కాదు, ఇన్నేళ్ళ తర్వాత ఆయనతో అనే మొదటి మాట అబద్ధం కాకూడదనిపించింది.

"తెల్వదు మామా," అన్నాను. "రేపు కూడా రాండి. నేను ఇక్కడే ఉంటాను."

ఆయన లేచి వెళ్ళిపోయాక టీచరమ్మ నా చేతులు పట్టుకుని, మౌనాన్ని ఇంత నేర్పుగా వాడినవాళ్ళని తను చూడలేదంది. భయంతో బిగుసుకుపోయానని నేను చెప్పలేదు. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ప్రమాదమని, మిల్లు డాక్టరు చూడాలని ఆవిడే ఏర్పాటు చేసింది. వస్తూ ఉన్నంతకాలం పనిలోంచి తీయబోమని మిల్లువాళ్ళు ఒప్పుకున్నారు. వస్తాడా అన్నదే అసలు సంగతి. ఆ సాయంత్రం ఇంట్లో మామ ఎప్పటిలా మేకనే నీళ్ళడిగాడు, నేను చెంబు గడప మీద పెట్టాను.

మర్నాడు నేను ముందే వెళ్ళాను. మామ అప్పటికే లోపల ఉన్నాడు. తలకు నీళ్ళు పెట్టి దువ్వుకున్నాడు. కొంచెం మందు వాసన వస్తూనే ఉంది. రెండు కుర్చీలూ ఎదురెదురుగా వేసి, ఒకదానిలో తను కూర్చుని, రెండోదాని దుమ్ము తువ్వాలుతో తుడుస్తున్నాడు.

"కుచ్చో అమ్మా," అన్నాడు.