నాయన మెడలో టేపు

మొన్న ఆదివారం కుప్పం నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, తాత టేపు ఇంకా ఉండాదా?" అని అడిగింది. వాళ్ళ పక్కింట్లో వెన్నుమీద గడ్డతో ఆడబిడ్డ పుట్టిందట. ఆపరేషన్ చేసి, ఇక వారం వారం తల కొలుస్తూ ఉండమన్నారట. తాత టేపే తనను బతికించిందని మా పిల్ల నమ్మకం. ఆ టేపు పక్కింటి బిడ్డకూ కలిసొస్తుందని అడిగింది. 

మా నాయనకు పుంగనూరు బజారులో కుట్టు అంగడి ఉండేది. మెడలో టేపు లేకుండా ఆయన కనిపించేది స్నానానికి పోయినప్పుడు మాత్రమే. పెళ్ళి భోజనాల్లో కూడా పంక్తిలో టేపుతోనే కూర్చునేవాడు. "నా తాళికన్నా ఆ టేపే పాతది" అని అమ్మ దెప్పేది. అది గుడ్డ టేపు, అంచులు నలిగి మెత్తబడిపోయింది. మార్చమంటే, కొత్త టేపు బిర్రుగా ఉంటుంది, చేతికి ఒదగదు అనేవాడు. ఆయన కుట్టిన రవిక బిగుతని గానీ వదులని గానీ వెనక్కి తెచ్చినవాళ్ళు లేరు. ఆ గర్వం కొంచెం ఉండేది, ఉండదగినదే.

తొంభైల నడుమ మదనపల్లెలో చెల్లెలికి తొలికాన్పు అయింది. పాప నడుం కింద నిమ్మకాయంత నీటిబుగ్గ, దానిమీద ఉల్లిపొరంత పల్చని తోలు. కాళ్ళు సరిగ్గా ఆడించడం లేదు. చెల్లెలి అత్తగారు కురబలకోట నుంచి వచ్చి చూసి, గ్రహణం రోజు వంకాయలు తరిగిందేమో అని గొణిగింది. ఆ మాటకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా మాకు లేదు. పెద్దాస్పత్రికి తీసుకుపోతే మూడోరోజు ఆపరేషన్ చేశారు. "వెన్ను మూసేసినాం. నడక సంగతి తర్వాత. ఇప్పుడు తలను కనిపెట్టుకోండి" అన్నాడు డాక్టరు. ఇలాంటి పిల్లల్లో తలలో నీరు చేరి మెదడును నొక్కేస్తుందట. ఏ వారానికి తల ఎంతవరకు పెరగవచ్చో నర్సమ్మ ఒక కార్డుమీద సెంటీమీటర్లలో రాసిచ్చింది. ఆ అంకె దాటితే ఆ రోజే రావాలి.

చెల్లెలు పాపతో పుంగనూరుకు వచ్చేసింది. ప్రతి శుక్రవారం పొద్దున దీపం పెట్టాక కొలత. నాయన జన్మలో చూడని సెంటీమీటర్ల వైపు టేపు తిప్పి, పాప నుదుటి మీదుగా చుట్టేవాడు. ఆయన అంకె చెప్పేదాకా నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు. అక్కడే బడిలో పంతులమ్మను కాబట్టి రాసే పని నాది. రవికల కొలతల పుస్తకంలోనే, ఎవరివో భుజాలూ చేతులూ రాసిన పేజీ తర్వాత, "పాప తల" అని రాసేదాన్ని. ఎప్పుడూ కార్డులోని అంకెకు లోపలే ఉండేది. ఆ ఒక్కపూట బతికేవాళ్ళం. మళ్ళీ మధ్యాహ్నానికల్లా వచ్చే శుక్రవారం భయం మొదలయ్యేది.

మూడో నెలలో పాప పాలు కక్కడం మొదలుపెట్టింది. సన్నగా, ఆగకుండా ఏడ్చేది. చూపు కిందికి వాలి, కళ్ళల్లో పైన తెల్లగుడ్డు కనబడేది. నేను కార్డు తీసి మళ్ళీ మళ్ళీ చూస్తుంటే నాయన, "కొలత సరిగ్గానే ఉండాది గదమ్మా, యాల భయపడతావు?" అన్నాడు. కొలత విషయంలో నాయన మాటకు ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో లేదు. పాపను చూడవచ్చిన చెల్లెలి అత్తగారు దిష్టి తీసింది.

ఆ శుక్రవారం నాయన పెళ్ళిబట్టల కొలతలకు రామసముద్రం పోయాడు. నేను బజారులో కొత్త టేపు కొనుక్కొచ్చి కొలిచాను. అంకె దాటింది. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ దాటింది. మధ్యాహ్నం నాయన వచ్చి, "ఈ కాలం టేపులన్నీ ఇంతే" అని తీసిపారేశాడు. నేను బడినుంచి మీటరు చెక్క స్కేలు తెచ్చి రెండు టేపులూ దానిపక్కన పరిచాను. కొత్తది సరిగ్గా ఉంది. నాయనది సాగిపోయి, స్కేలు నలభై దగ్గర ముప్పైతొమ్మిదే చూపిస్తోంది.

నాయన తన టేపును స్కేలు పక్కన మళ్ళీ తానే పరిచి చూశాడు. "ఇన్నేండ్లలో ఒక్క రవికా తప్పు పోలేదే" అన్నాడు చివరికి. ఎలా పోతుంది? మనిషిని కొలిచిందీ ఆ టేపుతోనే, గుడ్డను కొలిచి కత్తిరించిందీ ఆ టేపుతోనే. తప్పుకు తప్పు సరిపోయింది. పాప తలకు మాత్రం హద్దు వేరే ఊరి ఆస్పత్రి కార్డునుంచి వచ్చింది.

అప్పటికప్పుడు బస్సెక్కాం. దారిపొడుగునా నాయన పాప తలను రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు. పెద్దాస్పత్రిలో, చేరిన నీరు దిగిపోయేలా తలనుంచి పొట్టలోకి తోలు కింద సన్నని గొట్టం వేశారు. ఇంకా ఆలస్యమై ఉంటే చూపు పోయేదన్నాడు డాక్టరు. ఆ రోజునుంచి నాయన మెడలో టేపు వేసుకోలేదు. కొత్తది కొని సొరుగులో పెట్టుకున్నాడు. మెడ బోసిగా ఉన్న ఆ మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

పాప నాలుగేళ్ళకు కాళ్ళకు ఇనుప పట్టీలతో నడిచింది. పాదాలకు కాక తెలియదు. ఎండాకాలం బండమీద నిలబడి బొబ్బలెక్కినా నవ్వుతూనే ఉండేది, అందుకని రోజూ సాయంత్రం అరికాళ్ళు చూడటం మా ఇంటి ఆచారమైంది. ఒంటేలుకు గొట్టం పెట్టాల్సి రావడంతో, తానే పెట్టుకోవడం నేర్చుకునేదాకా చెల్లెలు బడి వరండాలోనే కూర్చుంది. పదేళ్ళప్పుడు తలలో గొట్టం మూసుకుపోయి మళ్ళీ ఆపరేషన్ అయింది. ఇక మా ఇంట్లో మామూలు తలనొప్పి అనేదే లేకుండా పోయింది. ఒకసారి తలనొప్పి అంటే బిలబిలమంటూ అందరం బస్సెక్కి పెద్దాస్పత్రికి పోయాం. అక్కడ డాక్టరు ముందు, "ఈ పొద్దు లెక్కల పరీక్ష" అని ఒప్పుకుంది. ఎవరమూ తిట్టలేదు. చెల్లెలు నవ్వుతూనే ఏడ్చింది.

ఇప్పుడు కుప్పంలో ఉద్యోగం, పక్కచక్రాల స్కూటరు. టేపు సంగతి మాత్రం ఎవరమూ చెప్పలేదు. నాయన పోయాక కూడా చెప్పలేదు. మొన్న చెప్పాల్సొచ్చింది.

"ఆ టేపు ఒద్దే తల్లీ. కొత్తది కొని, స్కేలు పక్కన పెట్టి సూసి ఇయ్యి" అని మొదలుపెట్టి, అంతా చెప్పాను. 

"పాపం తాత" అంది. తర్వాత, "నీకింకా భయం పోలేదా పెద్దమ్మా?" అంది.

"ఎప్పుడో పోయింది" అన్నాను. ఫోన్ పెట్టేముందు మాత్రం తలనొప్పేమైనా ఉందా అని అడిగాను.

ఏడాదికేడాది భయం తగ్గుతూనే వస్తోందని నేను అనుకుంటూ ఉంటాను. ఇన్నేళ్ళుగా దాన్ని ఏ టేపుతో కొలుస్తున్నానో!