మళ్ళీ రమ్మన్నారు

కంపెనీ తన బళ్ళు లాక్కుని, "సొంత కార్లలో తిరగండి, కిలోమీటర్ల లెక్కన ఇస్తాం" అన్నప్పటినుంచి ఆ పంపుల సేల్స్‌మన్ కారులో ముందు సీటు నమూనా పెట్టెలదే; భార్య ఎక్కినా వెనకే. ఎక్కడినుంచి తిరిగొచ్చి కారెక్కినా చెవిమీది పెన్సిలు తీసి, పుస్తకంలో మీటరు రీడింగూ, కలిసినవాళ్ళ జవాబూ రాస్తాడు. టైర్లరిగేలా తిరిగినా జవాబు ఏడేళ్ళుగా ఒకటే: 'మళ్ళీ రమ్మన్నారు.'

మొన్న భార్యను ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు అతన్నొక్కణ్ణే పక్కకు పిలిచి, "ఇంక తిప్పకండి, ఇంట్లోనే ఉంచండి" అన్నాడు. కారెక్కాక అతని చెయ్యి అలవాటుగా ఆ రెండు మాటలే రాసేసింది. వెనక చేరబడ్డ ఆమె మెడ సాచి చదివింది.

"నిజంగా మళ్ళీ రమ్మన్నారాండీ?"

కొట్టేయబోయిన పెన్సిలు ఆగిపోయింది.

"ఆఁ, రమ్మన్నారు" అన్నాడు, అద్దంలోకి చూడకుండా.