తప్పిన మోతాదు

మా ఇంట్లో బీరువా కింది అరలో నలభై మూడు డైరీలున్నాయి. ప్రతి డైరీ మొదటి పేజీలోనూ మూడు నిలువు గళ్ళు గీసి ఉంటాయి. లక్ష్యం, సాధించినది, మిగిలినది. వ్యవసాయ శాఖలో వత్సవాయి, వీరులపాడు మండలాల్లో పనిచేసినన్నాళ్ళూ నెలనెలా పైకి పంపిన నివేదికల్లో ఉండే గళ్ళే అవి. ఈ ఏడు మిగిలిపోయిన లక్ష్యాన్ని వచ్చే ఏడు లక్ష్యానికి కలపాలన్నది ఆఫీసు పద్ధతి. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. రిటైరై నందిగామలో స్థిరపడ్డాక కూడా వదల్లేదు.

కుడి మోకాలికి ఆపరేషన్ అయిన తర్వాతి జనవరిలో ‘రోజుకు రెండు కిలోమీటర్ల నడక’ అని రాసుకున్నాను. నడిచింది సగమే. మిగిలినది కలిపితే మరుసటి ఏటికి మూడైంది. అదీ సాగలేదు. అలా కలుపుతూ పోగా అయిదో జనవరికి లెక్క ఏడు కిలోమీటర్లకు తేలింది. ఆ అంకె చూస్తేనే కాలు లాగేది.

నడక గురించి అంత పట్టుదల ఎందుకంటే, ఏటా కార్తీకంలో మేమిద్దరం వేదాద్రి వెళతాం. గుడి దగ్గర కృష్ణలోకి దిగే మెట్లున్నాయి. దంపతులు కొంగులు ముడివేసుకుని కలిసి మునుగుతారు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నేను పొడిబట్టల సంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు పక్కన పెట్టుకుని పై మెట్టు మీద కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఒక్కతే మునిగి వచ్చేది. నాలుగేళ్ళు ఏమీ అనలేదు. అయిదో ఏడు చీర చెంగు పిండుకుంటూ, “చెప్పులకి కాపలా ఉండే మొగుడు దొరకటానిక్కూడా రాసిపెట్టి ఉండాలండీ” అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు పేజీలో ఆ ఒక్క వాక్యమే రాశాను. వచ్చే కార్తీకానికి ఆవిడతో పాటు నీళ్ళలోకి దిగాలి. కావలసింది అదొక్కటే.

ఆ వెంటనే వచ్చిన జనవరి ఒకటిన, ఉద్యోగంలో నా జీపు నడిపినాయన జగ్గయ్యపేట నుంచి వచ్చాడు. నా కుర్చీ పోయి చాలా ఏళ్ళయినా, ఏటా బస్సెక్కి వచ్చి నా చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టి వెళతాడు. బల్లమీద డైరీ తెరిచి ఉంది.

“ఏడు కిలోమీటర్లా?” అన్నాడు. “ఇట్టా కలుపుకుంటా పోతే ఇంకొన్నేళ్ళకి మీరే రోజూ జగ్గయ్యపేట నడిచొచ్చి నాకు నిమ్మకాయలివ్వాలి సార్.”

“వస్తారు అన్నయ్యా, మీ ఇంటి ముందు చెప్పులకి కాపలా కూడా ఉంటారు” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కాఫీ తాగుతూ ఆయన అడిగాడు. “వత్సవాయి దగ్గర మిరపతోట గుర్తుందా సార్? ఆ రైతు ఒక దఫా యూరియా వెయ్యటం తప్పిపోతే, తర్వాత రెండు దఫాలదీ ఒక్కసారే చల్లాడు. తోటంతా మాడిపోయింది. గట్టు మీద నిలబడి ఏం చెప్పారు మీరు?”

“ఏం చెప్పాను?”

“తప్పింది తప్పిందేనయ్యా, తప్పిన మోతాదు మొక్క అడగదు, ఇవాళ్టిది ఇవాళ వెయ్యి చాలు అన్నారు. జీపులో కూర్చుని విన్నాగా.”

ఆయన వెళ్ళాక పాత డైరీలు తీసి వెతికాను. దొరికింది. నా చేతిరాతే, దాదాపు అవే మాటలు. ఊరందరికీ చెప్పిన మాట నా మోకాలికి చెప్పుకోలేదు.

స్కేలు పెట్టి ‘మిగిలినది’ అన్న మూడో గడి కొట్టేశాను. లక్ష్యాలు మూడే రాయదలచుకున్నాను. మొదటిది, మార్కెట్ యార్డు గేటు దాకా నడక. పోనూ రానూ అరకిలోమీటరు. రెండోది, మా మేడ మెట్లు రోజుకు ఒకసారి ఎక్కి దిగడం. మూడోది ఏం రాయమంటావని మా ఆవిడనడిగాను. నలభై మూడేళ్ళలో నా డైరీ ముట్టని మనిషి కలం అందుకుని, ‘రోజూ కూరలు తరిగి ఇవ్వాలి’ అని రాసింది.

మొదటి రోజు దొండకాయలన్నీ ఒకే కొలతలో వచ్చేలా తరిగాను. “స్కేలు ఇక్కడిక్కూడా తెచ్చారా? ఇవాళ తింటామా, రేపు తింటామా?” అంది. ఆ నెలలో కూరల బల్ల దగ్గర మేం మాట్లాడుకున్నంత, అంతకు ముందు ఏడాదంతా మాట్లాడుకోలేదు.

మార్చిలో జ్వరం వచ్చి తొమ్మిది రోజులు నడవలేదు. పదో రోజు పొద్దున కలం దానంతటదే తొమ్మిది అరలు నాలుగున్నర అని డైరీ అంచున వేసింది. దాన్ని కొట్టేసి లేచాను. గేటు దాకా నడిచి తిరిగి వచ్చాను. ఆ రోజే గెలిచానని ఇప్పుడు తెలుస్తోంది. వానలు మొదలయ్యేసరికి అరకిలోమీటరు కిలోమీటరైంది. వినాయక చవితికి, ఏనాడూ పూర్తి చేయని ఆ రెండు కిలోమీటర్లూ కాలికి అలవాటైపోయాయి.

కార్తీకంలో వేదాద్రికి నిమ్మకాయలిచ్చే ఆ జీపు డ్రైవరు కూడా వచ్చాడు. “చెప్పులు నేను చూస్తా, దిగండి సార్” అని సంచీ లాక్కుని పై మెట్టు మీద నా చోట్లో కూర్చున్నాడు. మా ఆవిడ కొంగు ముడి వేసింది, ఒకటికి రెండుసార్లు బిగించింది. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. మేడ మెట్ల మీద పది నెలలు చదివిన పాఠం. పక్కవాళ్ళు చెయ్యందించబోతే వద్దన్నాను. చల్లటి నీళ్ళు నడుం దాకా వచ్చాయి. ఇద్దరం కలిసి మూడు మునకలు వేశాం.

తల విదిల్చి, “ఇంకొకటి వేద్దామా?” అన్నాను.

“పోయినేళ్ళవి కలపమాకండి సార్” అని పైనుంచి కేక వినబడింది.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక నా భుజం పట్టుకుంది. ఆవిడ నన్ను పట్టుకుంది, నేను ఆవిడను కాదు. అలాగే మెట్లన్నీ ఎక్కాం.