చింతపండుతో తోమిన రాతి గవ్వలు

ఇత్తడి చెంబుకి చింతపండు రాస్తే లేచే ఆ పుల్లటి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఎనిమిదేళ్ల పిల్లనైపోయి తల దించుకుంటాను.

తొంభైల్లో, రాజమండ్రిలోని మా ఇంట్లో నాన్న చెల్లెలు సుందరి అత్త శిలాజాల మీద పరిశోధన చేసేది. కాతేరు క్వారీల సున్నపురాయి పొరల్లోంచి, ఒకప్పుడిక్కడ సముద్రం ఉండేదనడానికి సాక్ష్యంగా మిగిలిన రాతి గవ్వల్ని, మెలికల నత్తల్ని ఏరి తెచ్చి, ఏది ఏ పొరలో దొరికిందో తెలిసేలా ఒక్కోదాని మీద సిరాతో నంబరు వేసి చాటలో పరిచేది. చదువుకున్న పిల్ల రాళ్లేరుకుంటోందని వీధంతా నవ్వితే తనూ వాళ్లతో కలిసి నవ్వి, మర్నాడు మళ్లీ సుత్తి పట్టుకుని సైకిలెక్కేది.

ఒక ఉగాది ముందురోజు, వేపపువ్వు, మామిడికాయ చెక్కు, తడిసిన కొబ్బరిపీచు వాసనలన్నీ కలిసిపోయిన పెరట్లో నాయనమ్మ ఇత్తడి సామాను తోముతోంది. పండగపూట అత్త రాళ్లు మాత్రం మట్టిగొట్టుకుని ఎందుకుండాలని నేనే చాట తెచ్చి చింతపండు రసంలో కుమ్మరించాను. బుసబుసా నురగొచ్చింది. పులుపుకి సున్నం కరుగుతోందని తెలీక, మురికి వదులుతోందని మురిసిపోయి ఇద్దరం పీచుతో గట్టిగా రుద్దాం. నంబర్లు పోయాయి, గవ్వల మీది సన్నగీతలూ అరిగిపోయాయి.

సాయంత్రం అత్త చూసేసరికి నాయనమ్మ తప్పంతా తన నెత్తినేసుకుంది. నేను ఆవిడ చీర వెనక దాక్కున్నాను.

"ఇవి దొరికిన పొర నిన్ననే పగలగొట్టి సున్నపుబట్టీకి తోలేశారమ్మా," అంది అత్త. ఆవిడ థీసిస్‌లో సగం ఆ చాటలోనే ఉండేదట.

అలాంటివే వేరే గవ్వలకి పాత నంబర్లు వేసేస్తే ఎవరికి తెలుస్తుందని తోటివాళ్లు సలహా ఇచ్చారు. అత్త ఒప్పుకోలేదు. ఆ వేసవంతా నన్ను వెంటబెట్టుకుని, క్వారీ ఇంకో అంచున మొదటినుంచీ ఏరింది. రోహిణి ఎండలో సున్నపుదుమ్ముకి కనుబొమలు తెల్లబడిపోయినా, ఆవకాయన్నం తిన్నాక తాటిముంజలు కొనిపెట్టి, నత్త మెలిక ఎటు తిరిగిందో చూపించేది. ఆ ప్రేమ భరించలేక ఒకరోజు, చాట తెచ్చింది నేనేనని చెప్పేశాను.

"తెలుసే. మీ నాయనమ్మ ఏనాడైనా నా రాళ్ల జోలికొచ్చిందా?" అంది, ముంజ తొక్క ఒలుస్తూనే.

అత్త డాక్టరేట్ ఏడాది ఆలస్యమైంది. తర్వాత ఆవిడ కర్నూలు గుహల్లో బోర్లాపడి పాకుతూ పాతకాలపు ఎముకలు వెతికి పేరు తెచ్చుకుంది. నాకు మాత్రం ఆ ఎండలో వంగిన నడుమే గొప్ప.

ఇప్పుడా క్వారీ గోతులు పూడ్చి ప్లాట్లు వేశారు. బట్టీల పొగ లేదు, ముంజలమ్మేవాళ్లూ రారు. మొన్న లైబ్రరీలో ఆవిడ థీసిస్ తెరిచాను. పాడైన గవ్వల నంబర్లన్నీ వరసగా రాసి, వాటిని కడగకూడదని ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడం తన పొరపాటేనని కింద ఒక్క వాక్యం చేర్చింది.

కడగొద్దని నాకు వందసార్లు చెప్పింది. గవ్వల కోసం ఆడని అబద్ధం నా కోసం ఆడింది.