ఎల్లవ్వ టైగరుకు చెప్పులు నేర్పిన ఎనిమిది రోజులు

మొన్న మానుకోట బజారులో ఒకాయన కొత్త తోలు చెప్పులతో కిర్రుకిర్రుమంటూ నా పక్క నుంచి వెళ్లాడు. ఆముదం పట్టించిన తోలు వాసన గుప్పుమంది. నేను ఆయన్ని చూడలేదు. ఆయన మడమ పట్టబోయే కుక్క ఎక్కడుందా అని చుట్టూ చూశాను. ఈ వయసులో ఇలాంటివి డాక్టరుకు చెప్పుకోవాలంటారు. కానీ కారణం ఎల్లవ్వ అని చెబితే ఆయన మందు రాయలేడు.

తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో, గూడూరు అవతల అడవి అంచున ఉన్న మా ఊరి దొర, కోటలాంటి తన గడీ విడిచి పట్నం పారిపోయాడు. భూమి తప్ప మోయగలిగినవన్నీ మోసుకుపోయాడు. టైగరును మాత్రం మరిచాడు. టైగరంటే పిల్లి కన్నా కాస్త పెద్దదైన తెల్ల కుక్క, ఆరేడేళ్ల వయసు. ఇరవై ఏళ్లు ఆ గడీలో వెట్టి చేసి బండలు కడిగిన ఎల్లవ్వ దాన్ని చంకన వేసుకుని తన గుడిసెకు తెచ్చుకుంది. ఆమెకు ఇంకెవరూ లేరు. నేను అప్పుడే హైదరాబాదులో కాలేజీ మానేసి వచ్చి ఊరి సంఘానికి రాతపని చేస్తున్నాను. లోకాన్ని మార్చే కాగితాలు రాద్దామని వచ్చినవాణ్ణి, మొదట రాసింది ఈ కుక్క మీద ఫిర్యాదు.

ఫిర్యాదు న్యాయమైనదే. దొర ఉన్నన్నాళ్లు గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాలి. మరిచి ఎవడైనా వేసుకుంటే టైగరు వాడి మడమ పట్టేది; దానికి అలాగే నేర్పారు. ఇప్పుడు దొర లేడు. ఊరంతా చెప్పులు కుట్టించుకుంది. ఏ పనీ లేనివాళ్లు కూడా రోజుకు నాలుగుసార్లు గడీ ముందు నుంచి పోయేవారు. ఆ సంబరంలోకి టైగరు ఎల్లవ్వ గుడిసెలోంచి తప్పించుకుని దూసుకొచ్చి పాత చట్టం అమలు చేసేది.

"దొర పోయిండు గని జమాదారును ఇడిసిపెట్టి పోయిండు," అన్నాడు సంఘం పెద్ద సాయిలు, మడమకు పసుపు అద్దుకుంటూ. "అవ్వా, వెట్టి బందు జేసినం గద. మల్ల దొర కుక్కకు ఊడిగం జేసుడేంది? ఎనిమిది దినాలు సూస్తం. మారకుంటె అడివిల ఇడిసొస్తం."

అడవిలో అది ఒక్క పూట కూడా బతకదని అందరికీ తెలుసు.

"వెట్టి అంటె వాళ్లు జెయ్యమంటె జేసేది," అంది ఎల్లవ్వ. "గిది నేను జేస్తా అంటున్న. పిల్లగున్నప్పటి సంది దీనికి బువ్వ వెట్టింది నేను. ఇది నా కుక్క."

నేను రాసిన రాజకీయ కరపత్రాల్లో అంత స్పష్టమైన వాక్యం ఒక్కటీ లేదు.

చెప్పుల కంటే ముందు ఇల్లు దక్కాలి. మొదటి రోజే టైగరు అప్పుడే అలికిన నేల మీద మూడుసార్లు ఉచ్చ పోసింది. చదువుకున్నవాణ్ణి కాబట్టి సలహా ఇచ్చాను: "మూతి దాంట్ల రాసి రెండు పీకు అవ్వా."

ఆమె నన్ను జాలిగా చూసింది. "కాలేజీల గిదే నేర్పిండ్రా బిడ్డా? గడీల నేను బండలు కడిగినంక గా తడి మీదనే పోసేది. తడి కనవడితె గదే జాగ అనుకుంటది. ఎవలు నేర్పిండ్రు? నేనే. మల్ల నేనే నేర్పుత."

అప్పటి నుంచి ఇంట్లో అలుకు బంద్. గుడిసె వెనక పెంటకుప్ప పక్కన చెంబెడు నీళ్లు చల్లి జాగ తడిపేది. పొద్దున లేవగానే, తిన్నాక, కునుకు తీశాక, మెడకు తాడు కట్టి అక్కడికే తీసుకుపోయేది. పని అయ్యేదాకా పలకకుండా నిలబడేది. అవగానే "శభాష్ టైగరూ!" అని జొన్నరొట్టె ముక్క. ఇంట్లో తప్పు జరిగితే బూడిద చల్లి ఊడ్చేది, పల్లెత్తు మాట అనేది కాదు.

నాలుగో రోజు ఆమె కేకలు వినబడి, పోలీసులొచ్చారనుకుని పరుగెత్తాను.

"తలుపు గీకిండు బిడ్డా! బయటికి వొయిండు! గాడనే వోసిండు!"

ఆ కాలంలో పెద్ద పెద్ద వార్తలు చాలా విన్నాను. ఏదీ అంత సంతోషంగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత చెప్పులు. నా జోడును ముందు దాని గిన్నె పక్కన పెట్టాం. తర్వాత వాటిని చేత్తో కదిలించాం. ఆ తర్వాత నేను తొడుక్కుని దూరంగా, కాస్త దగ్గరగా, ఇంకాస్త దగ్గరగా నడిచాను. ఊరుకున్న ప్రతిసారీ దానికి రొట్టె ముక్క. రెండుసార్లు ఊరుకోలేదు. పోరాటంలో నా రక్తం చిందిన సందర్భాలు ఆ రెండే.

ఆరో రోజుకు నన్ను ఏమీ అనడం మానేసింది.

"నువ్వు దానికి సుట్టమైనవ్," అంది ఎల్లవ్వ. "ఇంకోలు నడవాలె."

"నువ్వే తొడుక్కో అవ్వా."

ఆమె కాళ్లను చీర అంచు కిందికి లాక్కుంది. అప్పుడు చూశాను ఆమె పాదాలను. ఊరంతా చెప్పుల పండగ చేసుకుంటుంటే ఎల్లవ్వ ఒక్కతే వట్టి కాళ్లతో తిరుగుతోంది. రోజంతా ఆమె దగ్గరే ఉండి కూడా గమనించలేదు నేను.

"ఇప్పుడెందుకు బిడ్డా నాకు," అని గొణిగి, చివరికి టైగరు కోసమని నా చెప్పుల్లో కాళ్లు పెట్టింది. రెండు రోజులు తూలుతూ గుడిసె చుట్టూ తిరిగింది. టైగరు బుద్ధిగా వెంట నడిచింది.

ఎనిమిదో రోజు ఊరు ఊరంతా గడీ ముందు చేరింది. సాయిలు చీలమండలకు తువ్వాల చుట్టుకుని మరీ నడిచాడు. టైగరు వాసన చూసి, తుమ్మి, కూచుంది. జనం ఈలలు వేశారు. తర్వాత ఎల్లవ్వ తాడు పట్టుకుని బయలుదేరింది. గడీ దర్వాజ ఎదుటికి రాగానే ఆమె నడుము వంగింది. చెయ్యి దానంతట అది చెప్పుల మీదికి పోయింది.

టైగరు మొరగలేదు. ఎందుకు ఆగావన్నట్టు ఆమె మొహంలోకి చూసింది.

ఎల్లవ్వ అలా వంగే ఉండి దాన్ని చూసి ఫక్కున నవ్వింది. "సూడుండ్రి, ఈడు మరిశిండు. నేనే మరువలే!" నడుము ఎత్తి, చెప్పులతోనే దర్వాజ దాటింది. 'ఎల్లవ్వ కుక్క ఎల్లవ్వ దగ్గరే ఉండును' అని తీర్మానం రాస్తుంటే నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. ఎండ ఎక్కువగా ఉందని అందరికీ చెప్పాను.

ఎల్లవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పెద్ద ఆఫీసరు గది ముందు నిలబడితే నా నడుము నన్ను అడగకుండానే కాస్త వంగుతుంది. ఒకప్పుడు అందుకు నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు తిట్టుకోను. ఇది ఎవరు నేర్పారో ఒకసారి గుర్తు చేసుకుని, నిటారుగా నిలబడి, అప్పుడు తలుపు తడతాను.